ఒక్క ఊపిరికి ఎన్ని ఆవర్తనాలు

రెండువేల తొమ్మిది శ్రావణంలో చినబాబు ఒప్పుకున్న ఆఖరి పెళ్ళి హైదరాబాదులో జరిగింది. కొవ్వూరు చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన సన్నాయి లేనిదే పెళ్ళికి కళ రాదంటారు. ఆ పెళ్ళివారు ఇక్కడివాళ్ళే, నగరంలో ఇల్లు కట్టుకుని స్థిరపడ్డారు. తాళి కట్టే వేళకి మాత్రం చినబాబు గారి సన్నాయే మోగాలని పట్టుబట్టి మేళం మొత్తాన్నీ రైల్లో రప్పించుకున్నారు. మూడో రోజు పొద్దున్న ఆయన కొవ్వూరు స్టేషన్లో దిగి, సన్నాయి సంచీ భుజాన వేసుకుని కాలవగట్టు మీద నడిచొస్తూ నాలుగుసార్లు ఆగి దగ్గాడు.

ఆ దగ్గు ఆయన గుమ్మం దాకా రాకముందే ఇంట్లోకి వచ్చింది. వసారాలో పాపకి పాలిస్తున్న ఉమాశ్రీ తలెత్తింది.

ఉమాశ్రీ చినబాబుకి ఒక్కగానొక్క కూతురు. కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నాలుగేళ్ళుగా నర్సు. పురిటికి పుట్టింటికొచ్చి ఇరవై రెండు రోజుల క్రితం ఆడపిల్లని కన్నది. హైదరాబాదులో స్వైన్ ఫ్లూ కేసులు పెరుగుతున్నాయని వారం రోజులుగా పేపర్లో చదువుతూనే ఉంది. తండ్రి ప్రయాణం మానుకుంటే బాగుండునని అనుకుంది కూడా, కానీ ఒప్పుకున్న పెళ్ళికి వెళ్ళొద్దని ఆయనకి చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

"నాన్నా, అక్కడే ఆగు! లోపలికి రావద్దు!"

చినబాబు గేటు మీద చెయ్యి వేసినవాడు వేసినట్టే ఆగిపోయాడు. కూతురు తన మీద గొంతెత్తడం అదే మొదటిసారి. వంటింట్లోంచి తల్లి సూరమ్మ పరుగెత్తుకొచ్చింది.

"ఏంటే ఆ అరుపు? రైలు దిగొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెడతావా?"

"జ్వరం ఉందా నాన్నా?"

"నిన్న రాత్రి నుంచి ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉందమ్మా. నొప్పులు కూడానూ. చలువ చేసుంటుంది."

ఉమాశ్రీ పాపని లోపలి గదిలో పడుకోబెట్టి తలుపు మూసి వచ్చింది. ఆటో నడిపే యెహెజ్కేలుకి ఫోన్ చేసింది. తల్లి ముక్కుకీ నోటికీ మెత్తని పాత చీర ముక్క నాలుగు మడతలు పెట్టి కట్టి, తండ్రికీ అలాగే కట్టుకోమని ఇంకో ముక్క గేటు మీద వేసి, ఇద్దర్నీ సర్కారు డాక్టరు హైమవతి గారి దగ్గరికి పంపించింది. మధ్యాహ్నానికి తిరిగొచ్చారు. డాక్టరు గారు గొంతులోంచి శాంపిల్ తీశారట, ఐదు రోజులకి మాత్రలిచ్చారట. ఉమాశ్రీతో ఫోన్లో కూడా మాట్లాడారు.

"రిపోర్టు రావడానికి నాలుగు రోజులు పడుతుందమ్మా. వచ్చేదాకా ఉన్నట్టే అనుకో. ఆసుపత్రిలో పెట్టేంత లేదు, ఇంట్లోనే ఉండొచ్చు. కానీ పసిపిల్లా నువ్వూ ఆయన దగ్గరికి వెళ్ళకూడదు. ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా అనిపించినా, మనిషి మగతగా ఉన్నా, తగ్గిన జ్వరం మళ్ళీ వచ్చినా ఒక్క క్షణం ఆలోచించొద్దు. నాకు ఫోన్ చెయ్యి."

పెరట్లో, ఇంటికి ఇరవై అడుగుల దూరంలో, చినబాబు సాధకం చేసుకునే పాక ఒకటుంది. రెండు కిటికీలు, ఒక తలుపు, ఒక నులకమంచం. ఉమాశ్రీ రెండు కిటికీలూ బార్లా తీయించింది. పక్కకి ఓ బకెట్టు నీళ్ళూ సబ్బూ, ఆయనకంటూ వేరే కంచం, గ్లాసు, చెంబు. దగ్గినప్పుడు అడ్డం పెట్టుకోవడానికి చింపిన పంచె ముక్కలు, వాడినవి వేసే మూతున్న డబ్బా. ఆ ముక్కల్ని సూరమ్మ రోజూ సలసల మరిగే నీళ్ళలో వెయ్యాలి. పాక గుమ్మం ముందు ఒక ముక్కాలిపీట వేయించింది. అన్నం దాని మీద పెట్టి తల్లి వెనక్కి వచ్చేశాక ఆయన బయటికొచ్చి తీసుకోవాలి.

సూరమ్మకి మొదటి పూటే కళ్ళనీళ్ళు తిరిగాయి. "ముప్ఫయ్యేళ్ళు పక్కన కూర్చుని వడ్డించానే. ఇలా దూరంగా పెట్టి వచ్చేయడానికి నాకు చేతులు రావట్లేదు."

"నువ్వు పక్కన కూర్చుంటే రేపు నువ్వు పడతావు. నువ్వు పడితే పాప పడుతుంది. ఆ తరవాత మన ముగ్గురికీ గంజి కాచేవాళ్ళు ఉండరమ్మా."

ఆ రోజు నుంచి సూరమ్మ పాక దగ్గరికెళ్ళి వచ్చినప్పుడల్లా మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, చీర మార్చుకుని గానీ పాపని ఎత్తుకోలేదు. పరామర్శకని వచ్చిన వాళ్ళని గేటు దగ్గరే ఆపి, "తగ్గాక రండి, అప్పుడు కాఫీ కూడా ఇస్తాను" అని పంపించేసేది. మొహం మాడ్చుకుని వెళ్ళిన వాళ్ళూ ఉన్నారు.

చినబాబు ఒక్క విషయంలోనే మొరాయించాడు. సన్నాయి.

"పూటకోసారైనా ఊదకపోతే నాకు తోచదమ్మా."

"ఊదితే నీ ఊపిరితో పాటు తుంపర్లు కూడా గదంతా పడతాయి నాన్నా. అమ్మ ఆ గుమ్మం దాకా వస్తోంది. తగ్గేదాకా సంచీలోంచి తియ్యకు."

ఆయన సంచీ మూతి బిగించి కట్టి గోడకి తగిలించాడు. తరవాత "సరే" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పాకలోంచి సన్నగా ఒక నాదం వినపడింది. సన్నాయి కాదు, గొంతు. పెదాలు మూసుకుని పట్టిన షడ్జం. ఎక్కడా వణుకు లేదు, హెచ్చూ తగ్గూ లేదు. బావిలోంచి చేదతాడు లాగుతున్నట్టు వస్తూనే ఉంది. ఉమాశ్రీ ఒళ్ళో పాప ఏడుపు ఆపి అటు చెవి పెట్టింది. నాదం ఆగిపోయాక చినబాబు ఖళ్ళుఖళ్ళున దగ్గాడు.

ఆ మధ్యాహ్నం సన్నగా జల్లు పడుతుంటే ఉమాశ్రీ వసారాలో కుర్చీ వేసుకుని, కిటికీ అవతల మంచం మీద ఆనుకుని కూర్చున్న తండ్రిని అడిగింది. "రోజూ పొద్దున్నే ఏంటి నాన్నా, ఆ పాట?"

"పాట కాదమ్మా. ఊపిరి చూసుకుంటున్నాను. పొద్దున్నే పొలం చూసుకొచ్చినట్టు."

"అంటే?"

"ఒక్క ఊపిరి తీసుకుని షడ్జం పట్టి తొడ మీద ఆదితాళం వేసుకుంటాను. ఎనిమిది దెబ్బలకి ఒక ఆవర్తనం. ఒంట్లో బాగుంటే నాకు అయిదు ఆవర్తనాలు నిలుస్తుంది. ఇవాళ నాలుగుకి ఆగిపోయింది."

"ఎప్పటినుంచి చేస్తున్నావు ఇలా?"

"పద్నాలుగో ఏట నుంచీ. మా గురువుగారిది పట్టిసీమ. నన్ను గోదాట్లో గుండెల్లోతు నీళ్ళలోకి దింపి నిలబెట్టేవారు. నీళ్ళు రొమ్మును నాలుగువైపులా నొక్కుతుంటాయి. ఆ నొక్కుడికి ఊపిరి తోసుకుని బయటికి పోవాలని చూస్తుంది. దాన్ని పోనీకుండా దారంలా వదలాలి. ఆయన ఒడ్డున కూర్చుని తాళం వేసేవారు. మొదటిరోజు ఒక ఆవర్తనం కూడా పట్టలేకపోయాను. ఏడాదిన్నరకి అయిదు వచ్చింది. అప్పుడు గానీ సన్నాయి చేతికివ్వలేదు." ఆయన దగ్గు ఆపుకోవడానికి ఆగాడు. "అప్పట్నించి ఒక్క పొద్దున్న మానలేదమ్మా. కుర్రతనంలో బీడీలు మొదలెట్టినప్పుడు నాలుగున్నరకి పడిపోయింది. పారేశాను. నువ్వు పుట్టిన రోజు పొద్దున్న అయిదు దాటి రెండు దెబ్బలు నిలిచింది. ఎందుకో ఇప్పటికీ తెలీదు."

నలభై ఏళ్ళు. పద్నాలుగు వేల పైచిలుకు పొద్దులు. ఈ ఇంట్లోనే పుట్టి, ఈ పెరట్లోనే పెరిగి, రోజూ నిద్రలేస్తూ ఆ సన్నని నాదం విన్నది తను. పక్కింటి గేదె అరుపులా, కాలవలో నీళ్ళ చప్పుడులా అదీ ఒకటనుకుంది. హైస్కూల్లో ఆడపిల్లలు నాన్న బుగ్గలు ఉబ్బడం అనుకరించి నవ్వితే ఇంటికొచ్చి ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ బుగ్గల వెనకాల ఒక మనిషి తన ప్రాణవాయువుని ఇంత శ్రద్ధగా, ఇంత భక్తిగా కనిపెట్టుకుని ఉన్నాడని ఆమెకి తెలియనే తెలియదు. ఆసుపత్రిలో వేలమంది ఊపిర్లు నిమిషానికిన్నని లెక్కపెట్టి చార్టులో రాసింది. ఎవరి ఊపిరి చూసీ ఆమెకి ఒళ్ళు జలదరించలేదు. ఇప్పుడు జలదరించింది.

జ్వరం ఎంత, నీళ్ళు ఎన్ని గ్లాసులు, మాత్ర ఎప్పుడు అని ఆమె రాసుకుంటున్న నోటుపుస్తకంలో ఆ సాయంత్రం ఇంకో గడి గీసింది. పైన ఆవర్తనాలు అని రాసి, కింద నాలుగు వేసింది.

మూడో రోజు జ్వరం నూట రెండు దాటింది. చినబాబు గంజీ, మజ్జిగా, కొబ్బరినీళ్ళూ తప్ప ఏమీ ముట్టలేదు. పొద్దున్న షడ్జం మూడున్నరకి ఆగింది. జ్వరం ఉన్నప్పుడు అంతేలే అనుకుంది ఉమాశ్రీ. నాలుగో రోజు పాపకి నీళ్ళు పోస్తూ హడావిడిలో ఆమె వినలేదు. తరవాత అడిగితే ఆయన "మూడు" అన్నాడు. రాసుకుంది.

అయిదో రోజు పొద్దున్న జ్వరం లేదు. మాత్ర వేసి ఎనిమిది గంటలైనా ధర్మామీటరు తొంభై ఎనిమిది దాటలేదు. సూరమ్మ ఆనందానికి అంతులేదు. రాగిడేగిసాలో వేణ్ణీళ్ళు పెట్టేసింది. కందిపప్పు నానబోసింది.

"తలారా స్నానం చేయించి లోపలికి తీసుకొచ్చేద్దామే. మనవరాలిని చూడక కళ్ళు కాయలు కాశాయి ఆయనకి."

"జ్వరం పోయినా ఇంకో రెండు రోజులు ఆగాలమ్మా. వారం దాటనియ్యి."

"నేను బాగానే ఉన్నానమ్మా," అన్నాడు చినబాబు కిటికీలోంచి. "నీరసం. అంతే. దగ్గు కూడా. తగ్గింది."

ఆ మాటలు అలా ముక్కలుగా రావడం ఉమాశ్రీకి నచ్చలేదు. సంగీతం తెలిసిన మనిషి, ఎప్పుడూ వాక్యాన్ని మధ్యలో తుంచేవాడు కాదు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, ఇవాళ పొద్దున్న పాకలోంచి నాదం రాలేదని.

"నాన్నా, షడ్జం పట్టు."

"ఇప్పుడెందుకులే."

"పట్టు."

"రేపు పొద్దున్న పడతాను. గొంతు. ఆరింది."

"నాన్నా." ఆమె వసారా మెట్టు దిగి పెరట్లో సగం దూరం వచ్చి ఆగింది. "నా మీద ఒట్టు. పట్టు."

చినబాబు ఆమె మొహంలోకి చూశాడు. కుడిచెయ్యి తొడ మీద పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుని ఊపిరి తీసుకున్నాడు. అది తీసుకోవడమే సగంలో ఆగింది, లోపల ఏదో గుచ్చుకున్నట్టు ఎడంవైపు కొంచెం వంగాడు. నాదం మొదలైంది. శ్రుతి మాత్రం ఎప్పటిలాగే ఉంది, ఒక్క వెంట్రుకవాసి జారలేదు. ఒక దెబ్బ, రెండు, మూడు. ఉమాశ్రీ కూడా తెలియకుండానే వేళ్ళు మడుస్తోంది. ఆరో దెబ్బ దగ్గర నాదం తెగిపోయింది.

గొంతు ఆగినా ఆయన చెయ్యి ఆగలేదు. ఏడు, ఎనిమిది. నలభై ఏళ్ళ అలవాటు ఆవర్తనం పూర్తి చేసి గానీ ఆ చేతిని ఊరుకోనివ్వలేదు. నాదం లేని ఆ రెండు దెబ్బలూ పెరట్లో చప్పుడుగా వినపడ్డాయి.

"నిన్నెంత నాన్నా? నిజం చెప్పు."

"రెండు." ఆయన తల దించుకున్నాడు. "మూడని. అబద్ధం చెప్పాను. మీ అమ్మ. బెంగ పడుతుందని."

ఉమాశ్రీ అక్కడే నిలబడి తండ్రి డొక్కల వైపు చూస్తూ చేతి గడియారంలో ఒక నిమిషం లెక్కపెట్టింది. ముప్ఫై నాలుగు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి పదహారో, పద్దెనిమిదో ఉంటాయి. జ్వరం దిగిపోయిన మనిషి, కూర్చున్న చోటునుంచి కదలని మనిషి, ముప్ఫై నాలుగు ఊపిర్లు తీస్తున్నాడు.

ఆమె ఫోన్ తీసి హైమవతి గారికి చేసింది. ఆవిడ విన్నది రెండు ముక్కలే. "రాజమండ్రి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళిపోండి. నేను అక్కడి వాళ్ళకి చెప్పి పెడతాను. ఫ్లూ అనుమానం అని గుమ్మంలోనే చెప్పాలి, ఓపీలో కూర్చోబెట్టకుండా."

యెహెజ్కేలు పది నిమిషాల్లో వచ్చాడు. పక్క పరదాలు రెండూ అప్పటికే పైకి చుట్టేసి, మొహానికి తువ్వాలు బిగించుకుని ఉన్నాడు.

"ఆటో తరవాత సబ్బునీళ్ళతో కడుక్కో యెహెజ్కేలూ. మొహం మీద తువ్వాలు తియ్యకు."

"ఆయ్, అదంతా నేను చూసుకుంటానండి. పెద్దాయన్ని ఎక్కించండి ముందు. నా పెళ్ళికి చర్చి బయట నిలబడి ఊదారండి ఈయన, పైసా పుచ్చుకోకుండా."

సూరమ్మ భర్త వెనకాల ఎక్కింది. ఉమాశ్రీ ఎక్కలేదు. పాప లోపల ఏడుస్తోంది. ఆమె ఎంతమంది రోగుల పక్కన అంబులెన్సులో కూర్చుందో లెక్కలేదు, సొంత తండ్రి పక్కన కూర్చోవడానికి వీల్లేకపోయింది. చినబాబు ఆటోలోంచి చెయ్యెత్తి, వెళ్ళొస్తానన్నట్టు ఊపాడు. మాట్లాడి ఊపిరి ఖర్చుపెట్టుకోలేదు.

ఆటో గోదావరి వంతెన ఎక్కే చప్పుడు అక్కడికి వినపడదు. అయినా ఆమె గేటు పట్టుకుని అటే చూస్తూ ఉండిపోయింది. తరవాత లోపలికొచ్చి పాపకి పాలిచ్చి, భుజాన వేసుకుని, నిద్రపోయాక ఒళ్ళో పడుకోబెట్టుకుంది. ఆ గుప్పెడంత రొమ్ము లేస్తోంది, దిగుతోంది. నిమిషానికి నలభై నాలుగు. పసిబిడ్డకి అది మామూలే. పుస్తకాల్లో చదివిందే, పరీక్షలో రాసిందే. కానీ ఆ మధ్యాహ్నం ఆమెకది కొత్తగా కనిపించింది. ఎవరూ నేర్పలేదు దీనికి. నీళ్ళలో నిలబెట్టలేదు, తాళం వెయ్యలేదు. ఇరవై ఆరు రోజుల క్రితం దాకా గాలంటే ఎరగని ప్రాణి. ఇప్పుడు ఒక్క ఊపిరీ తప్పకుండా తీస్తోంది. వంతెన అవతల ఆసుపత్రిలో ఇంకొకాయన ఒక్కో ఊపిరికీ పెనుగులాడుతున్నాడు. తను, అమ్మ, యెహెజ్కేలు, ఈ లోకంలో ప్రతివాళ్ళూ ఈ క్షణాన ఇదే పని చేస్తున్నారు, చేస్తున్నామని తెలియకుండానే. ఉమాశ్రీ తలుపుకి చేరబడి, అలా ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియదు. భయం ఉంది. దేవుడి ముందు నిలబడినప్పుడు ఒళ్ళు తెలియని స్థితి ఒకటుంటుందే, అదీ ఉంది. రెంటినీ విడదీయడం ఆమెకి చేతకాలేదు.

నాలుగింటికి సూరమ్మ ఫోన్ చేసింది. ఎక్స్‌రేలో ఎడం ఊపిరితిత్తి కింద సగం తెల్లగా ఉందట. ఆక్సిజన్ పెట్టారట, సూదిమందులు మొదలుపెట్టారట. వెనకాలే హైమవతి గారి ఫోన్.

"రిపోర్టు కూడా వచ్చిందమ్మా. స్వైన్ ఫ్లూనే. దాని వెనకే న్యుమోనియా జొరబడింది. ఇలాంటప్పుడు ఒక్కోసారి జ్వరం దిగి ఇంట్లోవాళ్ళని మోసం చేస్తుంది. నువ్వెలా పట్టుకున్నావు?"

ఉమాశ్రీ ఆవర్తనాల సంగతి చెప్పింది.

"ఒక్క ఊపిరితో ఎంతవరకు అంకెలు లెక్కపెట్టగలరో చూసే పద్ధతి మా వైద్యంలోనూ ఉందమ్మా. చాలామందిమి మర్చిపోయాం. నలభై ఏళ్ళ లెక్క తనలో పెట్టుకుని వచ్చిన పేషెంటుని నేనింతవరకు చూడలేదు. రేపు నేను స్వయంగా వెళ్ళి ఆయన్ని చూడాలి."

చినబాబు ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నాడు. అందులో మూడు రోజులు గండంగానే గడిచాయి. నాలుగో రోజు ఆక్సిజన్ తగ్గించారు. ఆరో రోజు ఆయన మంచం మీద లేచి కూర్చుని తొడ మీద చెయ్యి వేసుకున్నాడని, వార్డులో నర్సులు పని ఆపి చూశారని సూరమ్మ ఫోన్లో చెప్పింది. ఆ రోజు ఒక ఆవర్తనం నిండిందట.

ఇంటికొచ్చాక డాక్టరు గారు ఇక ఎవరికీ అంటదని చెప్పారు, పాపని ఎత్తుకోవచ్చన్నారు. సూరమ్మకి గానీ, ఉమాశ్రీకి గానీ, పాపకి గానీ ఒక్క తుమ్ము కూడా రాలేదు. సూరమ్మ చేతులు మాత్రం సబ్బుకి పొట్టు లేచిపోయాయి. కొబ్బరినూనె రాసుకుంటూ ఊరంతటికీ చూపించింది.

ఊపిరి తిరిగిరావడం పంట పెరిగినట్టే జరిగింది, చూస్తుంటే కనపడలేదు. వినాయకచవితి వెళ్ళింది, దసరా వెళ్ళింది. ఒకటిన్నర, రెండు, ఒక వారం మళ్ళీ ఒకటిన్నర, తరవాత రెండుంబావు. కొన్నాళ్ళకి చినబాబు సన్నాయి సంచీ విప్పాడు. హైమవతి గారు మూడు దాటించే తొందర పెట్టుకోవద్దన్నారు. మూడు మించి రాదేమో కూడా అన్నారు. ఆయన తల ఊపి, "మా గురువుగారు కూడా చివరికి మూడుకే వచ్చారండి" అన్నాడు.

కార్తీక సోమవారం నాడు పట్టిసీమ వీరభద్రుడి గుడి దగ్గర మేళానికి ఆయన కబురందుకున్నాడు. ఉమాశ్రీ కూడా పాపని తల్లికి అప్పగించి పడవ ఎక్కింది. తొమ్మిదో నెల కడుపుతో పుట్టింటికొచ్చిన దగ్గర్నుంచీ ఆమె గోదావరి మీదికి రాలేదు. నది నిండుగా, చప్పుడు లేకుండా పోతోంది. గుట్ట మీద మండపంలో జనం కిక్కిరిసి ఉన్నారు. డోలు మొదలైంది. చినబాబు సన్నాయి పెదాలకి ఆనించుకున్నాడు.

ఆయన మునుపటిలా ఊదలేదు. పొడుగ్గా సాగే సంగతి ఎత్తుకుని, మూడో ఆవర్తనం చివర దాన్ని దించి, సన్నాయి పెదాల మీంచి తీసేశాడు. నిశ్శబ్దంగా, తొందర లేకుండా ఊపిరి తీసుకున్నాడు. డోలు ఒక్కటే మెల్లగా నడుస్తోంది. మునుపు ఆ చోట ఎప్పుడూ ఖాళీ ఉండేది కాదు. ముందువరసలో వాళ్ళు వత్తులు వెలిగిస్తున్న చేతులు ఆపి ఆయన వైపు చూశారు. మండపం అంతా, ఆ వెనక రేవు దాకా, ఎవరూ మాట్లాడలేదు. ఉమాశ్రీకి తను ఊపిరి బిగబట్టి ఉన్నానని అప్పుడు తెలిసింది. పక్కనున్న ముసలమ్మ కూడా బిగబట్టే ఉంది.

చినబాబు రొమ్ము నిండింది. ఆయన సన్నాయి ఎత్తి రెండో సంగతి అందుకున్నాడు.